పిల్లలతో పేరా రాయించడం ఎట్లా: చీటీల నుంచి ఫెయిర్ కాపీ దాకా

‘ప్రశ్నకు జవాబు రాయమంటే గైడు చూసి దించుతున్నారు, సొంతంగా రాయమంటే మూడు వాక్యాలకే పెన్ను కింద పెడుతున్నారు, ఏం చేయాలి?’ తెలుగు చెప్పే టీచర్లూ, ఇంట్లో పిల్లలను చదివించే తల్లిదండ్రులూ పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలతో ఒక మంచి పేరా ఎట్లా రాయించాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను. తొమ్మిది, పది తరగతులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది, కొన్ని మెట్లు త్వరగా దాటొచ్చు.

పిల్లలు ఆగిపోతున్నారంటే రాయడం రాక కాదు. ఏం రాయాలో, ఏది ముందు రాయాలో తేలకముందే పెన్ను పట్టిస్తున్నాం. అందుకే ఈ పద్ధతిలో సగానికి పైగా సమయం పెన్ను పట్టకముందే గడుస్తుంది. మొదటిసారి చేసేటప్పుడు సమయం వృథా అవుతోందేమో అనిపిస్తుంది, కానివ్వండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

రెండు పీరియడ్లు కావాలి. వరుసగా దొరికితే మంచిది. లేకపోతే ఒకరోజు నాలుగో మెట్టు దాకా, మర్నాడు మిగతాది. ఒక్క పీరియడ్‌లో అంతా ముగించాలని చూస్తే చివర్లో దిద్దుకునే పని ఎగిరిపోతుంది. అసలు నేర్చుకునేది అక్కడే.

దగ్గర ఉండాల్సినవి:

- ఒకవైపు వాడేసిన కాగితాలు, అరచేతి వెడల్పు చీటీలుగా చింపినవి, ఒక్కో జట్టుకు పన్నెండు
- రఫ్ నోట్సు, పెన్ను (పెన్సిలు, రబ్బరు వద్దు, ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను)
- బోర్డు మీద రెండు భాగాలు: ఎడమవైపు పిల్లల మాటలు, కుడివైపు వరుస
- మీరు స్వయంగా రాసిన ఒక పేరా, ఐదారు వాక్యాలది

ఆఖరిది మర్చిపోవద్దు. పిల్లలకిచ్చే అంశం మీద మీరు ముందురోజు ఒక పేరా రాసి చూసుకుంటే ఎక్కడ ఇరుక్కుంటారో మీకే తెలుస్తుంది. అయితే దాన్ని మొదట్లోనే చూపించకండి. చూపిస్తే తరగతి మొత్తం దాన్నే రాస్తుంది.

గుణింతాలు, వత్తులు ఇంకా కుదరని పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టొద్దు. చెప్పడం వాళ్ల వంతు, చీటీ మీద రాయడం జట్టులో ఇంకొకరి వంతు. మాటలు బాగా ఉండేది తరచుగా ఈ పిల్లల దగ్గరే.

2. అంశాన్ని చిన్నది చేయండి

‘బతుకమ్మ గురించి రాయండి’ అంటే అది పేరాకు సరిపోయే అంశం కాదు, పుస్తకానికి సరిపోయేది. అంత పెద్ద అంశం ఇచ్చినప్పుడే పిల్లలు గైడు తెరుస్తారు. దాన్ని బోర్డు మీద మెట్టు మెట్టుగా కిందికి దించండి:

బతుకమ్మ → సద్దుల బతుకమ్మ → మా ఇంట్లో సద్దుల బతుకమ్మ → మా ఇంట్లో సద్దుల బతుకమ్మను పేర్చడం

ఇట్లాగే మేడారం జాతర అనే అంశం ‘మా ఇంటి నుంచి మేడారానికి బంగారం తీసుకెళ్లడం’ అవుతుంది. బంగారమంటే అక్కడ బెల్లమని వరంగల్, ములుగు పిల్లలకు చెప్పక్కర్లేదు. వ్యవసాయం అనే అంశం ‘ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోయిన రోజు’ అవుతుంది. మా ఊరు అనేది ‘మా ఊరి బస్టాండు, పొద్దున ఏడు గంటలకు’ అవుతుంది.

అంశం తగినంత చిన్నదైందా లేదా అని చూసుకోవడానికి పిల్లలను ఒకటే అడగండి: ఐదు నుంచి ఎనిమిది వాక్యాల్లో ఇది అయిపోతుందా? ‘కాదు సార్, ఇంకా చాలా ఉంది’ అంటే ఇంకో మెట్టు దించండి.

3. రాసే ముందు మాట్లాడించండి

ఈ మెట్టుకు పావుగంట తక్కువ కాకుండా ఇవ్వండి. పిల్లలు చెబుతుంటారు, మీరు బోర్డుకు ఎడమవైపు రాస్తుంటారు. వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే రాయండి. ‘అమ్మమ్మ గునుగుపూల కొసలు కోసి రంగులద్దుతది’ అని ఒక అమ్మాయి అంటే, ‘అద్దుతుంది అనాలి’ అని అక్కడే సరిచేయకండి. సరిచేసిన మరుక్షణం తరగతిలో సగం నోళ్లు మూతపడతాయి. మిగిలిన సగం పుస్తకంలో వాక్యాలు అప్పజెప్పడం మొదలుపెడతాయి. ఇంటి మాటను రాత భాషలోకి మార్చే పని తర్వాత ఉంది, ఎనిమిదో మెట్టులో.

మాట ఆగినప్పుడల్లా ఈ ప్రశ్నల్లో ఒకటి వేయండి:

- ఎవరు చేస్తారు? నువ్వేం చేస్తావు?
- దేంతో చేస్తారు? ఎక్కడి నుంచి తెస్తారు?
- ముందేంటి, ఆ తర్వాతేంటి?
- అట్లానే ఎందుకు చేయాలి? చేయకపోతే ఏమవుతుంది?
- అక్కడ నిలబడితే ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది?

నాలుగో ప్రశ్న చాలా పని చేస్తుంది. ‘బతుకమ్మ మధ్యలో ఆకులెందుకు నింపుతారు?’ అని అడిగితే ‘నింపకుంటే పూలు లోపలికి కూలుతయి సార్’ అని వెంటనే జవాబొస్తుంది. ఏ గైడులోనూ దొరకని వాక్యం అది.

తర్వాత జట్లుగా కూర్చోబెట్టి, ఒక్కో సంగతిని ఒక్కో చీటీ మీద రాయించండి. పూర్తి వాక్యం అక్కర్లేదు. ‘తంగేడు, నాన్న తెస్తడు’ అని ఉన్నా చాలు. పది, పన్నెండు చీటీలు కావాలి.

4. ముఖ్య వాక్యం తేల్చండి

పేరా మొత్తం దేన్ని చెప్పబోతోందో చెప్పే వాక్యం ఇది. చేయి తిరిగినవాళ్లు దీన్ని పేరాలో ఎక్కడైనా పెడతారు. నేర్చుకునే పిల్లలతో మాత్రం మొదటి వాక్యంగానే రాయించండి.

పిల్లలు సాధారణంగా రాసేది: ‘బతుకమ్మ తెలంగాణ పండుగ.’ నిజమే, కానీ దాని వెనక ఏ వాక్యం రావాలో అది చెప్పదు. చరిత్ర రావొచ్చు, పాటలు రావొచ్చు, పూల పేర్లు రావొచ్చు. ఇప్పుడు దీన్ని చూడండి: ‘మా ఇంట్లో సద్దుల బతుకమ్మను పేర్చాలంటే అందరికీ పని ఉంటుంది.’ వినగానే ‘ఏం పని? ఎవరికేం పని?’ అని అడగాలనిపిస్తుంది. మిగతా పేరా ఆ ప్రశ్నకు జవాబు.

ముఖ్య వాక్యాన్ని పరీక్షించే పద్ధతి ఇదే. ఒకరు చదవాలి, పక్కవాళ్లు వెంటనే ఒక ప్రశ్న అడగాలి. ప్రశ్న పుట్టకపోతే వాక్యం మార్చాలి. ఐదు రకాల ప్రశ్నలు పుట్టినా మార్చాలి, అంశం ఇంకా పెద్దగానే ఉందన్నమాట. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, మీకు పని తగ్గుతుంది.

5. చీటీలు ఏరండి, వరుస పెట్టండి

ముందు ఏరడం. ప్రతి చీటీని ముఖ్య వాక్యం పక్కన పెట్టి, ‘ఆ ప్రశ్నకు ఇది జవాబా?’ అని అడగాలి. ‘బతుకమ్మ తొమ్మిది రోజులు’ అనే చీటీ నిజమే చెబుతోంది, కానీ ఎవరికేం పని అన్నదానికి జవాబు కాదు. తీసేయాలి. ‘సద్దుల రోజు మలీద చేస్తరు’ కూడా అంతే. పిల్లలు బాధపడతారు, ముఖ్యంగా ఆ చీటీ రాసినవాళ్లు. తీసిన వాటిని పారేయకుండా ‘ఇంకో పేరాకు’ అని బోర్డు మూలన అంటించండి. రొట్టెలు, బెల్లం కలిపి చేసే ఆ మలీద గురించి నిజంగానే ఇంకో పేరా రాయొచ్చు.

పన్నెండు చీటీల్లో ఆరేడు మిగిలితే సరిగ్గా ఏరినట్టు. పన్నెండూ మిగిలితే ఏరలేదన్నమాటే.

ఇప్పుడు వరుస. బడి పిల్లలకు మూడు వరుసలు చాలు.

కాలం వరుస: ఏది ముందు జరిగింది, ఏది తర్వాత. బతుకమ్మ పేర్చడం, మార్కెట్‌కు వెళ్లిన రోజు లాంటి అంశాలకు ఇది. అన్నిటికంటే తేలిక, దీంతోనే మొదలుపెట్టండి.

చోటు వరుస: బయటి నుంచి లోపలికి, కింది నుంచి పైకి. హన్మకొండ వేయి స్తంభాల గుడి గురించి రాస్తే ఇది పనికొస్తుంది. మెట్లెక్కాక నల్లరాతి నంది, దానికి ఒకవైపు కల్యాణ మంటపం, ఇంకోవైపు గుడి, గుడిలోపల శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. మనిషి నడిచే దారినే వాక్యాలూ నడవాలి. నంది దగ్గర మొదలుపెట్టి, గర్భాలయంలోకి వెళ్లి, మళ్లీ మెట్ల దగ్గరికొస్తే చదివేవాళ్లు తప్పిపోతారు.

కారణాల వరుస: ఏది ఎందుకు జరిగింది. పాలంపేటలోని రామప్ప గుడి మీద ‘గుడి కట్టినవాళ్లు బరువు గురించి ముందే ఆలోచించారు’ అనే ముఖ్య వాక్యం పెట్టుకుంటే, పునాదిలో ఇసుక నింపడం, పైన శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడటం, దాంతో కింద రాతి మీద బరువు తగ్గడం, ఇట్లా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ పేరాలో 1213లో కట్టారని, 2021లో యునెస్కో వారసత్వ కట్టడమైందని కూడా రాస్తామంటారు పిల్లలు. అంకెలు చేరిస్తే మార్కులొస్తాయని వాళ్ల నమ్మకం. ఆ అంకె ఈ పేరాలో ఏం పని చేస్తోందని అడగండి. బరువు గురించిన పేరాలో యునెస్కోకు పనిలేదు.

చీటీలను బల్ల మీద పరిచి, జరిపి, మార్చి చూడనివ్వండి. నోట్సులో వరుస మార్చాలంటే కొట్టివేతలు, బాణం గుర్తులు. చీటీ అయితే చేత్తో జరిపితే చాలు. వరుస ఖాయమయ్యాక చీటీలకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయించండి.

6. రఫ్ రాయించండి

పదిహేను నిమిషాలు. చీటీకి ఒక వాక్యం లెక్కన రాయాలి, ఎవరి పేరా వాళ్లే. రబ్బరు ఎందుకు వద్దన్నానంటే, రబ్బరున్న పిల్లలు మొదటి వాక్యాన్నే చెరిపి రాసుకుంటూ కూర్చుంటారు. తప్పనిపిస్తే ఒక గీత కొట్టి ముందుకు పోవాలి. స్పెల్లింగ్ అనుమానముంటే కింద చిన్న గీత గీసి వదిలేయాలి.

వాక్యాలను కలపడం దగ్గర కొంచెం ఆగాలి.

కలిపే మాటలు బోర్డు మీద రాసిపెట్టండి: ముందుగా, ఆ తర్వాత, ఈలోగా, అయితే, అందుకే, ఎందుకంటే, దాంతో, చివరకు. పేరా మొత్తానికి మూడు నాలుగు చాలు. ప్రతి వాక్యానికీ ముందు ‘ఆ తర్వాత’ పెడితే అది పేరా కాదు, హాజరు పట్టీ. ‘మరియు’ మాట బోర్డు మీద అసలు రాయకండి. తెలుగులో దాని అవసరం చాలా తక్కువ. ‘తంగేడు మరియు గునుగు’ అనక్కర్లేదు, ‘తంగేడు, గునుగు’ అన్నా, ‘తంగేడూ గునుగూ’ అన్నా సరిపోతుంది.

తెలుగులో వాక్యాలను కలిపే అసలు పని క్రియే చేస్తుంది. ‘కోసింది. ముంచింది. ఆరబెట్టింది.’ అనే మూడు ముక్కలు ‘కోసి, ముంచి, ఆరబెట్టింది’ అయితే ఒకే వాక్యం. వ్యాకరణం పీరియడ్‌లో సంశ్లిష్ట వాక్యమని చెప్పేది ఇదే. అక్కడ నిర్వచనం బట్టీపట్టిన పిల్లలు ఇక్కడ వాడటం మర్చిపోతారు, గుర్తుచేయండి.

ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, పని చేసేవాళ్లు మారిపోవడం. ‘అమ్మమ్మ పూలు కోసి నాన్న రంగు కలిపాడు’ అని రాస్తారు. కోసింది అమ్మమ్మ, కలిపింది నాన్న అయినప్పుడు ‘కోసి’ నప్పదు. ‘అమ్మమ్మ పూలు కోసేలోగా నాన్న రంగు కలిపాడు’ అనో, ‘అమ్మమ్మ పూలు కోసింది, నాన్న రంగు కలిపాడు’ అనో మార్చాలి. రెండోది, గొలుసు పొడవు. లేచి, కడుక్కొని, తిని, వెళ్లి, కోసి, తెచ్చి అంటూ పోతే చదివేవాళ్లకు ఊపిరాడదు. మూడు దాటితే ఫుల్‌స్టాప్ పెట్టమనండి.

7. ముగింపు వాక్యం

‘కాబట్టి మనమందరం మన సంస్కృతిని కాపాడుకోవాలి.’ చెరువు మీద రాసినా, చెట్టు మీద రాసినా, చివరికి బస్టాండు మీద రాసినా పిల్లలు ముగించేది ఇట్లాగే. మనమే అలవాటు చేశాం.

కాలం వరుసలో రాసిన పేరా చివరి పనితో ఆగిపోవచ్చు. చోటు వరుసలో రాసింది చివరి చోటు దగ్గర ఆగొచ్చు. కారణాల వరుసలో రాసింది ఫలితం దగ్గర. వేరే నీతి వాక్యం తగిలించాల్సిన పనిలేదని గట్టిగా చెప్పండి.

8. ఇంటి మాటను రాత భాషలోకి మార్చడం

రఫ్ పూర్తయ్యాకే ఈ పని. పరీక్షలో, దరఖాస్తులో, పత్రికలో వాడే భాష వేరని పిల్లలకు తెలుసు. ఇంట్లో మాట్లాడేది తప్పు అన్నట్టు మాత్రం చెప్పకండి. రెండూ మనవే, ఎక్కడేది వాడాలన్నదే సంగతి.

మార్చాల్సింది ఎక్కువగా క్రియల చివర్లు, విభక్తులు:

- తెస్తడు → తెస్తాడు
- అద్దుతది → అద్దుతుంది
- పోయిండు → వెళ్లాడు, పోయాడు
- పోతం → వెళ్తాం, పోతాం
- ఇంట్ల, తాంబాళంల → ఇంట్లో, తాంబాళంలో
- పేర్చుడు → పేర్చడం

మార్చకూడనివి పేర్లు. తాంబాళం, సద్దులు, మలీద, చెలక, వాడకట్టు, ఇవన్నీ అట్లాగే ఉండాలి. ‘తాంబాళం’ కొట్టేసి ‘పళ్లెము’ అని రాయిస్తే పేరా ఎవరిదో తెలియకుండా పోతుంది.

మరీ ముఖ్యంగా, ఒకే పేరాలో ఒక వాక్యం ‘తెచ్చిండు’, ఇంకోటి ‘తెచ్చాడు’ అని ఉండకూడదు. సంభాషణలో మనిషి అన్న మాటను అట్లాగే రాయాలనుకుంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టించండి.

9. దిద్దుకోవడం

మూడు విడతలు. మూడూ ఒకేసారి చేయించొద్దు.

మొదటి విడత చెవితో. పేరాను పక్కవాళ్లకు గట్టిగా చదివి వినిపించాలి. నాలుక తడబడిన చోట గుర్తు పెట్టాలి.

రెండో విడత ముఖ్య వాక్యంతో. ప్రతి వాక్యం దానికి జవాబేనా? కాకపోతే కొట్టేయాలి.

మూడో విడతలోనే వత్తులు, దీర్ఘాలు, ఫుల్‌స్టాపులు.

ఎనుమాముల, బతుకమ్మ ఏదైనా సరే, రఫ్ ఎట్లా ఉంటుంది, దిద్దాక ఎట్లా మారుతుందో ఒక్కసారి పక్కపక్కన చూపించాలి. ఇది తరగతిలో వాడుకోవడానికి నేను రాసిపెట్టుకున్న నమూనా.

రఫ్:

‘మా ఇంట్ల బతుకమ్మ పేర్చుడంటే అందరికి పనే. నాన్న తంగేడు పూలు తెస్తడు. బతుకమ్మ తొమ్మిది రోజులు. అమ్మమ్మ గునుగు పూలకు రంగులు అద్దుతది. బతుకమ్మ అంటే నాకు చాల ఇష్టం. పొద్దుగాల లేచి పూలకు పోతం. తాంబాళంల గుమ్మడాకులు పరుస్తరు. మధ్యల ఆకులు నింపుతరు. పైన గౌరమ్మను పెడతరు.’

దిద్దాక:

‘మా ఇంట్లో సద్దుల బతుకమ్మను పేర్చాలంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరికీ పని ఉంటుంది. తెల్లారకముందే నేనూ నాన్నా చెలకల దిక్కు వెళ్లి తంగేడు, గునుగు కోసుకొస్తాం. మేం వచ్చేసరికి అమ్మమ్మ గిన్నెల్లో రంగునీళ్లు కలిపి ఉంచుతుంది. గునుగును కట్టలు కట్టి, కొసలు సమంగా కోసి, ఆ నీళ్లలో ముంచి ఆరబెడుతుంది. అవి ఆరేలోగా అమ్మ తాంబాళంలో గుమ్మడాకులు పరిచి తంగేడు పూల వరుస మొదలుపెడుతుంది. వరుసలు పెరిగినకొద్దీ మధ్యలో ఖాళీ పడుతుంది, అక్కడ ఆకులూ కాడలూ నింపడం నా వంతు. నింపకపోతే పూలు లోపలికి కూలిపోతాయి. చివరకు పసుపు గౌరమ్మను పైన పెట్టేసరికి పొద్దుగూకుతుంది.’

పిల్లలతో తేడాలు లెక్కపెట్టించండి. రెండు వాక్యాలు పోయాయి. ఒక వాక్యం కిందినుంచి పైకి వచ్చింది. ‘పరుస్తరు, నింపుతరు’ అన్నచోట ఎవరో తెలియలేదు, ఇప్పుడు అమ్మ, నేను అని తెలిసింది. ‘నాకు చాలా ఇష్టం’ అనే వాక్యం లేకపోయినా ఇష్టం ఎక్కడికీ పోలేదు.

10. తరచుగా ఎదురయ్యే చిక్కులు

అందరివీ ఒకేలా వచ్చాయి: ముఖ్య వాక్యాన్ని మీరే బోర్డు మీద రాసి ఉంటారు. అంశం మీరివ్వండి, ముఖ్య వాక్యం మాత్రం ఎవరిది వాళ్లే రాసుకోవాలి.

గైడు భాష దిగింది: ‘ప్రకృతి సౌందర్యానికి నిలయమైన’ లాంటి మాట కనబడగానే, ‘నువ్వేం చూశావో చెప్పు బిడ్డా’ అని అడగండి. చెప్పిన మాటనే రాయమనండి.

మూడు వాక్యాలకే అయిపోయింది: రాతలో లోపం కాదు, చీటీలు చాలలేదు. మూడో మెట్టుకు తిరిగి వెళ్లాలి.

తరగతిలో యాభై మంది ఉన్నారు: అందరి నోట్సులూ అదేరోజు దిద్దాలని పెట్టుకోవద్దు. రోజుకు రెండు జట్లవి చూడండి. ఒక్కో పేరాలో రెండే విషయాలు ఎర్ర పెన్నుతో గుర్తించండి, ఒకటి వరుసకు సంబంధించింది, ఒకటి భాషకు. పేజీ నిండా ఎర్ర గీతలున్న నోట్సును ఏ పిల్లా రెండోసారి తెరిచి చూడదు.

పరీక్షలో ఇంత సమయం ఎక్కడిది: పదో తరగతి ప్రశ్నపత్రంలో వ్యక్తీకరణ, సృజనాత్మకత ప్రశ్నలకు చీటీలు చింపుతూ కూర్చోలేరు, నిజమే. అక్కడ జవాబు పత్రంలోనే ఓ పక్కన ‘చిత్తు’ అని రాసి, ఒక ముఖ్య వాక్యం, ఐదు ముక్కలు, వాటికి అంకెలు. మూడు నిమిషాల పని. అది అయ్యాక ఆ భాగాన్ని గీత కొట్టేయాలి. చీటీలతో చాలాసార్లు చేసినవాళ్లకే ఆ మూడు నిమిషాలు సరిపోతాయి.

11. ఫెయిర్ చేసే ముందు పిల్లలు చూసుకోవాల్సిన పట్టిక

దీన్ని తరగతి గోడకు అంటించండి.

- నా మొదటి వాక్యం వింటే ఒక ప్రశ్న పుడుతుందా?
- ప్రతి వాక్యం ఆ ప్రశ్నకు జవాబేనా?
- నా వరుస ఏది: కాలమా, చోటా, కారణమా? మధ్యలో మారిందా?
- ఎవరు చేశారో ప్రతి వాక్యంలో తెలుస్తోందా?
- ‘మరియు’, ‘ఆ తర్వాత’ ఎన్నిసార్లు వచ్చాయి?
- క్రియలన్నీ ఒకే రకం భాషలో ఉన్నాయా?
- మొదటి వాక్యాన్ని కొంచెం లోపలికి జరిపి మొదలుపెట్టానా?

12. తర్వాతి వారాల్లో

మొదటి రెండు వారాలు కాలం వరుస మాత్రమే చేయించండి. మూడో వారం చోటు వరుస. కారణాల వరుస చివరికి, ఎందుకంటే అందులో పిల్లలకు తెలిసిన సంగతులకంటే అడిగి తెలుసుకోవాల్సినవి ఎక్కువ. ‘మా ఊరి చెరువు ఎండాకాలంలో ఎందుకు ఎండింది’ అని రాయాలంటే ఇంట్లో తాతను అడగాలి, కట్ట మీదికి వెళ్లి చూడాలి. ఆ అంశాన్ని శుక్రవారమిచ్చి సోమవారం చీటీలు తెమ్మనడం మంచిది.

జట్టు చీటీలతో కొన్నిసార్లు చేశాక చీటీలు మానిపించి నోట్సులో జాబితా రాయించండి. బోర్డు మూలన ‘ఇంకో పేరాకు’ అని అంటించినవి అప్పటికి చాలా పోగవుతాయి. రెండు పేరాల వ్యాసం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు: మొదటి పేరా పేర్చడం మీద, రెండోది మలీద మీద. రెండో పేరా మొదటి వాక్యంలో మొదటి పేరాలోని ఏదో ఒక మాట మళ్లీ రావాలని చెప్పండి. ‘గౌరమ్మను పెట్టేలోపు వంటింట్లో మలీద తయారవుతుంటుంది’ అన్నట్టు.